రాడార్‌కి రెండు ఫ్లాపీలు

క్రీస్తుదాసు శవం రెడ్డిగూడెం మామిడితోటలో దొరికింది. మెడ మీద ఒక్క సూది పోటు. ఏజెంట్ ఆరోగ్యం తన స్నేహితుడి మొహం మీద దుప్పటి కప్పి, వెళ్ళి టీ తాగాడు. అందులో పంచదార వేశారో లేదో తెలియలేదు.

జీపులో చీఫ్ వెంకటరమణ బ్రీఫింగ్ మొదలెట్టాడు.

"ఆగిరిపల్లి జ్యూస్ ఫ్యాక్టరీ వెనక మన రాడార్ కంప్యూటరుంది. ఇవాళ దానికి కొత్త ప్రోగ్రామ్ ఎక్కిస్తారు. రెండున్నాయి. ఒకటి దాసు సొంతంగా రాసింది. ప్రతి లైనూ మనకి తెలుసు, కానీ స్లో. రెండోది విదేశీ రెడీమేడ్ ప్యాకేజీ. అన్నీ అందులోనే ఉంటాయి. లోపలేముందో కంపెనీ చెప్పదు."

"అక్కడి డైరెక్టర్ ఏమంటాడు?"

"ప్యాకేజీయే కావాలంటాడు. అందులో మోసముందని దాసుకి అనుమానమొచ్చింది. తేల్చేలోగా చంపేశారు. సాయంత్రం ఆరింటికి బందరు తీరంలో ఆయుధాల బోటు దిగుతోంది. రాడార్‌కి అది కనబడి తీరాలి."

"దాసు ఇంట్లో చెప్పారా?"

"నువ్వు చెబుతావనుకున్నా."

ఆరోగ్యం కిటికీలోంచి తోటలు చూస్తూ కూర్చున్నాడు.

మామిడి వ్యాపారి వేషంలో, భుజాన తువ్వాలు, చేతిలో గంపతో ఫ్యాక్టరీ వరండా ఎక్కాడు. ప్యాకేజీ కంపెనీ ఇంజినీరు కమల ఎదురొచ్చింది. షిఫాన్ చీర, నల్లకళ్ళద్దాలు. డబ్బు తీసుకుని మన డిపార్ట్‌మెంట్‌కి ఆ కంపెనీ రహస్యాలు చేరవేసేది కూడా ఆమే.

"రసాలా, బంగినపల్లా?" కోడ్ అడిగింది.

"కలెక్టర్ కాయలు."

"ప్యాకేజీ క్లీన్. మీరు వెళ్ళిపోవచ్చు," అంది గొంతు తగ్గించి. దాసు గురించి అడగలేదు.

ఆరోగ్యం లోపలికే వెళ్ళాడు. ఆమె వెంటే వచ్చింది. ఆపరేటర్ ప్యాకేజీ ఫ్లాపీ పెట్టి, ఎంటర్ మీద వేలు ఆనించి ఉన్నాడు. డైరెక్టర్ నారాయణరావు గంప చూడగానే పై వరస పక్కకి నెట్టి, గడ్డిలోకి చెయ్యి దూర్చి, అడుగు కాయ లాగాడు.

"పై వరస ఎవడైనా బాగానే పేరుస్తాడండీ. మాదీ నూజివీడులో మామిడి కొట్టే."

"మరి ఆ ప్యాకేజీకి పై వరసే చూశారేం?" ఆరోగ్యం ఐడీ కార్డు చూపించాడు. "బాబూ, వేలు తియ్యి. ముందు టెస్ట్ రన్ పెట్టు. మెషిన్ టైము ఇవాళ సాయంత్రం ఆరు చెయ్యి, అసలు బోటు దిగే వేళకి. ఇప్పుడు ఉత్తుత్తి బోటునొకదాన్ని స్క్రీన్ మీదికి వదులు."

ఆకుపచ్చ చుక్క తీరం వైపు కదిలింది. మినుకుమంది. మాయమైంది.

కమల హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ పైకి లేచేలోగా ఆరోగ్యం పెన్ను క్లిక్‌మంది. మత్తుసూది ఆమె మణికట్టులో దిగింది. పిస్టల్ కింద పడింది.

"దాసుని నేను చంపలేదండీ," అంది గోడకి జారగిలబడుతూ. "తోట గేటు తీశానంతే."

"సరే," అన్నాడు. కోపం రావాల్సింది. రాలేదు.

దాసు ఫ్లాపీ పెట్టారు. డ్రైవ్ గరగరలాడుతూనే ఉంది. గడియారం ముల్లు ఆరు దగ్గరికి పాకింది. నారాయణరావు చెమట తుడుచుకున్నాడు. సరిగ్గా ఆరింటికి స్క్రీన్ వెలిగింది. చుక్క కనబడింది, ఈసారి అసలు బోటుది. నేవీ లాంచీలు దాన్ని చుట్టుముట్టాయి.

"మరీ ఇంత నెమ్మదేంటండీ బాబూ," నిట్టూర్చాడు డైరెక్టర్.

"రాసినవాడూ అంతేనండీ," అన్నాడు ఆరోగ్యం. "సినిమాకి రమ్మంటే ఇంటర్వెల్‌కి వచ్చేవాడు."