వెనక వెలుతురు

శనివారం పొద్దున పదింటికి మొదలై ఆదివారం పొద్దున పదింటికి ముగిసే పందెం మాది. ఇరవై నాలుగు గంటల పాటు కొండల్లో, అడవి బాటల్లో ఒకే దారిని రౌండ్లు రౌండ్లుగా సైకిలు తొక్కడం. అసలే జనవరి, అందులోనూ ఇంత ఉత్తరాన పదిహేడు గంటలు చీకటే. బుద్ధున్నవాళ్ళు చేసే పని కాదంటాడు మా తమ్ముడు టోర్క్విల్. అయినా ఏటా వాడే వచ్చి నాకు టెంటు వేస్తాడు, సూపు కాస్తాడు, గొలుసుకి నూనె రాస్తాడు.

జట్లుగా వచ్చేవాళ్ళు నలుగురు వంతులు వేసుకుని తొక్కుతారు. మాలాంటి ఒంటరివాళ్ళకి వంతులూ లేవు, నిద్రా లేదు. మా సీటు కింద 'ఒంటరి' అని రాసిన పసుపు పలక ఒకటి వేలాడుతుంది. దాటిపోయే కుర్రాళ్ళు అది చూసి "శభాష్ ఒంటరీ!" అని అరిచి పోతారు. నాకు నలభై ఏడేళ్ళు, ఉత్తరాల బట్వాడా నా ఉద్యోగం. ఆ శభాష్‌లు వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

వరసగా మూడేళ్ళు ఒంటరి ఆడవాళ్ళలో నాది రెండో స్థానం. ఆ మూడేళ్ళూ మొదటి స్థానం ఊనా బ్యూకన్‌దే. గెలిచినవాళ్ళకి ఓ చెక్క పళ్ళెం ఇస్తారు, ఊరి హాల్లో గోడ మీద పేరు రాస్తారు, అంతే. కానీ ఆ గోడ మీద నా పేరు చూసుకోవాలని నాకెంత ఆశో చెప్పలేను. ఈసారి తప్పితే ఇంక లేదు. వేసవిలో మోకాలికి ఆపరేషన్ తప్పదనీ, ఆ తర్వాత పందేలు మర్చిపొమ్మనీ డాక్టరు తేల్చేశాడు.

మొదలయ్యే ముందు ఊనా నా పక్కకొచ్చి నిలబడింది.

"ఏం ముసలమ్మా, ఈసారన్నా నా వీపు కాకుండా ఇంకేమైనా చూస్తావా?"

"నోరు మూసుకుని తొక్కవే పిల్లా. ఎవరి వీపు ఎవరు చూస్తారో రాత్రికి తెలుస్తుంది."

ఫక్కున నవ్వి, తను తింటున్న చాక్లెట్‌లో సగం విరిచి నా చేతిలో పెట్టింది. ఆ పిల్ల మీద కోపం నిలవదు. అదొక బాధ నాకు.

ఆదివారం తెల్లవారుజామున ఆరు కావస్తోంది. పదిహేనో రౌండు ముగించి టెంటు దగ్గరికొచ్చాను. ఊనా కన్నా నాలుగు నిమిషాలు ముందున్నాను.

"లైటు బ్యాటరీ మార్చనీ అక్కా," అన్నాడు టోర్క్విల్.

"ఈ రౌండుకి వస్తుందిరా."

"రాదే. నా మాట విను."

"నాకున్నవే నాలుగు నిమిషాలు. వదులు!"

వాడి చెయ్యి తోసేసి బయల్దేరాను. మేమంతా చేసే తప్పే ఇది. ఇంకొక్క రౌండు వస్తుందనుకుంటాం. రాకపోతే ఎవరో ఒకరు వెనక వస్తారు, వాళ్ళ వెలుతురులో తొక్కేస్తాం. లైటు ఆపుకుని మరీ అలా తొక్కేవాళ్ళున్నారు. నేనూ చాలాసార్లు తొక్కాను.

పైన్ చెట్ల మధ్య బాట ఎక్కుతున్నాను. బంక వాసన, కుళ్ళిన ఆకుల వాసన. కొమ్మల మీది మంచు ఉండి ఉండి కింద పడుతోంది. టైరు కింద ఐసు పటపటమంటోంది. కింద టెంట్ల దగ్గరి జనరేటర్ మోత తగ్గుతూ తగ్గుతూ వినిపించకుండా పోయింది. నిద్రలేమికి చెట్లన్నీ మనుషుల్లా కనబడుతున్నాయి. దానికి నేను భయపడను, ఏటా ఉండేదే. మాటిమాటికీ వెనక్కి తిరిగి ఊనా లైటు కనిపిస్తుందేమోనని చూడటమే నా పని. కాళ్ళ కన్నా మెడ ఎక్కువ నొప్పెట్టింది.

కొండ మీదికి చేరేసరికి లైటు రెండుసార్లు కొట్టుకుని ఆరిపోయింది. హెల్మెట్ మీద ఉండే చిన్నది అర్ధరాత్రే పోయింది. ఎదురుగా బండల దిగుడు. నిలువుగా జారే రాయి. పగలు దిగాలన్నా ఊపిరి బిగబట్టాలి.

ఆగాను. నన్ను నేను తిట్టుకున్నాను. అప్పుడే వెనకనుంచి వెలుతురు పడింది.

పసుపుపచ్చటి వెలుతురు. ఇప్పటి లైట్ల తెలుపు కాదు, పాతకాలపు బల్బు రంగు. హమ్మయ్య అనుకుని దిగడం మొదలుపెట్టాను. వెలుతురు నాతోనే దిగింది. నేను ఆగితే ఆగింది. వేగం పెంచితే పెంచింది. దాటాలనుకునేవాళ్ళు 'కుడి పక్క' అని అరవాలి. వెనకున్న మనిషి అరవలేదు.

"ముందుకెళ్తారా?" అన్నాను.

"వద్దు. నువ్వెళ్ళు."

మగ గొంతు. మెల్లగా, నా చెవి దగ్గరే అన్నట్టుంది. నాకు నవ్వొచ్చింది. నిద్ర లేదు, ఒళ్ళు తెలియడం లేదు, నోటికొచ్చింది అనేశాను.

"అయితే వెనకే ఉండు స్వామీ. ఆ ఊనాని మాత్రం నన్ను దాటనివ్వకు."

ఇంకో రెండు బండలు దిగాను. తర్వాత...

"సరే."

బండల చివర నేల చదునైంది. వెలుతురు నా నీడని మంచు మీద పొడుగ్గా పరిచింది. చూశాను. నీడలో చక్రాలున్నాయి. హ్యాండిల్ ఉంది. పెడళ్ళు తిరుగుతున్నాయి.

సీటు మీద ఎవరూ లేరు.

చెయ్యెత్తాను. నీడలో చెయ్యి లేదు. మళ్ళీ ఎత్తాను... లేదు. వెనక్కి తిరగాలనిపించింది. తిరగలేదు. తొక్కాను. మోకాలు విరిగినా సరే అనుకుని తొక్కాను. వెనక టైరు చప్పుడు లేదు. గొలుసు చప్పుడు లేదు. ఊపిరి కూడా... లేదు. టెంట్ల దీపాలు కనిపించే మలుపులో ఆ వెలుతురు ఒక్కసారిగా పోయింది.

"నా వెనక వచ్చినవాడేడీ?" అన్నాను టోర్క్విల్‌తో. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

"నీ వెనక ఎవరొచ్చారే? చీకట్లోంచి ఒక్కదానివే వచ్చావు. లైటు లేకుండా బండలెలా దిగావక్కా?" సైకిలు వంచి చూశాడు. "వెనక ఎర్ర లైటు కూడా లేదుగా. ఆ చోట మంచు గడ్డకట్టింది. ఎప్పుడో రాత్రే ఊడిపోయినట్టుంది."

వాడు బ్యాటరీ మార్చాడు. నేను సూపు తాగుతూ బాట వైపే చూస్తున్నాను. నాలుగు నిమిషాలయ్యాయి. ఊనా రాలేదు. ఎనిమిదయ్యాయి. రాలేదు.

"పంక్చరై ఉంటుంది. పో అక్కా! ఈసారి పళ్ళెం నీదే!"

ఇన్నేళ్ళుగా వినాలనుకున్న మాట అది. విన్నా సైకిలెక్కలేదు. రౌండ్ల లెక్క రాసే మనిషి దగ్గరికి పరిగెత్తి, ఊనాకి ఏదో అయిందని చెప్పాను. "ఇంకో పావుగంట చూద్దాం మైరీ, కంగారెందుకు," అన్నాడతను. ఆ పావుగంట కూర్చోవడం నా వల్ల కాలేదు. సైకిలెక్కాను.

బండల కింద, బాట కుడికి తిరిగే చోట, హద్దుగా కట్టిన రంగు పట్టీ తెగి ఉంది. ఎడమవైపు మంచులో ఒకే ఒక్క టైరు గీత, నేరుగా కిందికి, సరస్సు వైపు. బాట వదిలితే పందెం పోయినట్టేనని తెలుసు. సైకిలు పడేసి పరిగెత్తాను.

ఊనా ఒడ్డున కూర్చుని ఉంది. ఐసు పగిలింది. మోకాళ్ళ దాకా కాళ్ళు నీళ్ళలో ఉన్నాయి. తలమీద లైటు వెలుగుతూనే ఉంది. పెదాలు నీలమెక్కాయి, అయినా నవ్వుతూ ఉంది.

"లైటెందుకాపేశావు ముసలమ్మా?" గొణిగింది. "నీ ఎర్ర లైటు చూసుకునే కదా వచ్చాను..."

"లేవవే... లే పిల్లా!"

"కాసేపు ఇక్కడే కూర్చోమన్నాడుగా..."

చంకల కింద చేతులేసి బయటికి లాగాను. నా కోటు తీసి కప్పి, ఈల ఊదుతూనే ఉన్నాను. జట్టు కుర్రాళ్ళు ముగ్గురొచ్చి మోసుకెళ్ళారు.

పందెం ఆగలేదు. పదింటికి ఫలితాలు చదివారు. మూడో స్థానంలో ఉన్నామె నాకన్నా రెండు రౌండ్లు వెనక ఉందట. మనిషిని కాపాడటానికి బాట వదిలినందుకు తప్పు లేదన్నారు. మొదటి స్థానం నాదే. మైరిది ఎంత మంచి మనసో అని చప్పట్లు కొట్టారు. పళ్ళెం పట్టుకుని తల వంచుకుని నిలబడ్డాను. నామీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ వేయలేదు.

సాయంత్రం స్నానం చేసి, బట్టలు మార్చుకుని ఇన్వర్నెస్ ఆసుపత్రికి వెళ్ళాను. ఊనా కాళ్ళకి లావుగా కట్లు కట్టారు. రెండు కాలివేళ్ళు తీసేయాలట.

"ఎనిమిదితో కూడా నిన్ను ఓడిస్తాలే," అంది. ఇద్దరం నవ్వాం. నాకు ఏడుపొచ్చింది. అప్పుడు తను గొంతు తగ్గించింది.

"నిన్నో మాట అడగమన్నాడు."

"ఎవరు?"

"నీ వెనక వచ్చినతను. ఒడ్డున నా పక్కనే కూర్చున్నాడు కదా. 'ఇంతవరకు చేసింది చాలా, అని అడుగు' అన్నాడు. ఏంటో నాకేం తెలుసు? నువ్వే చెప్పాలి."

బండల మీద నేనన్న మాట నేను ఎవరికీ చెప్పలేదు. టోర్క్విల్‌కి కూడా చెప్పలేదు.

ఊనా నా ముఖంలోకే చూస్తోంది. వచ్చే జనవరికి తను మళ్ళీ వస్తుంది. గోడ మీద నా పేరు కింద మళ్ళీ తన పేరే ఉంటుంది... ఎక్కడిదో ఆ ఆలోచన, వచ్చింది. ఒక్క క్షణం ఉండి వెళ్ళిపోయింది.

"చాలు," అన్నాను. "చాలని చెప్పు. చాలు!"

ఊనా తల తిప్పింది. మంచానికి అవతల ఖాళీ కుర్చీ ఉంది. దాని కింద నేలంతా తడిగా ఉంది. పైన్ ఆకులు నాలుగు ఆ తడిలో తేలుతున్నాయి.

"చాలంట," అంది ఆ కుర్చీతో.

ఏదో వింటున్నట్టు ఆ వైపు వంగింది. మళ్ళీ నా వైపు తిరిగింది.

"ఆ మాట చెప్పడానికి నీకంత సేపెందుకు పట్టిందని అడుగుతున్నాడు."