గంట టేపు, అరగంట డిస్క్

"అమ్మాయ్, రోంత పక్కకు జరుగు. ఫ్రేములో నీ మోచెయ్యి పడతాంది."

2006 శ్రావణం. నంద్యాల కల్యాణమండపంలో అక్క పెళ్లి. వాణి చేతిలో మేనమామ బెంగళూరు నుంచి తెచ్చిన కొత్త డిస్క్ కెమెరా ఉంది. జరగమన్నది ఆళ్లగడ్డ వీడియో అబ్బాయి నరసింహులు. అతని భుజం మీద పెద్ద టేపు కెమెరా.

"నువ్వే జరుగప్పా. పెళ్లి మా అక్కది."

"ఆ బిళ్ల ఎంతసేపు తీస్తాది?"

"అరగంట."

"నా టేపు గంట."

"గంట తీసింది చూసేదానికి మళ్లా గంట కూర్చోవల్ల. నా దాంట్లో తీసిందంతా చిన్న చిన్న బొమ్మలుగా వస్తాది. ఏది కావాలంటే ఆడికే పోవచ్చు."

"బిళ్ల మీద గీత పడితే యాడికీ పోవు," అని నవ్వాడు. ఎడమ బుగ్గ మీద సొట్ట పడింది. వాణి కెమెరా మెల్లగా అటు తిరిగింది.

వారం తర్వాత నరసింహులు నాయనకు ఫోన్ చేశాడు. టేపు చెడిపోయిందట, జీలకర్ర బెల్లం పెట్టిన ఘట్టం లేదట. వాణి డిస్క్ ఇస్తే అందులోది అతికిస్తాడట. చాగలమర్రిలో అత్తవారింట ఉన్న అక్క ఆ మాట విని ఏడ్చింది.

ఆ ఘట్టం డిస్క్‌లో ఉంది. దాని చుట్టూ ఇంకా చాలా ఉన్నాయి. వాణి ఆ పూటంతా మీటలు నొక్కుతూ కూర్చుంది. టేపైతే పైన ఇంకోటి తీసి చెరిపేయొచ్చు. ఈ డిస్క్‌లో ఒకసారి పడింది చెరగదు. ఇవ్వకపోతే అక్క పెళ్లి వీడియోలో పెళ్లే ఉండదు. ఇస్తే తన గుట్టు మిగలదు.

ఆళ్లగడ్డలో బస్సు దిగేసరికి సన్నటి తుంపర. తోడొచ్చిన నాయన, నరసింహులు స్టూడియోకు ఎదురుగా ఉన్న హోటల్లో బెంచీ మీద టీకి కూర్చున్నాడు. లోపలికి వాణి ఒక్కతే వెళ్లింది.

"తీసేది అయినాక డిస్క్‌ను మూసే మీట నొక్కలా నువ్వు, ఫైనలైజ్ కాలా. మా ప్లేయర్లో ఆడదు," అంటూ నరసింహులు ఆమె కెమెరానే టీవీకి తగిలించాడు.

"నేను చూపిస్తా. నువ్వు అవతలికి పో."

"నా స్టూడియోలో నేను యాడికి పోవల్ల?"

టీవీ నిండా బొమ్మలు లేచాయి. వైర్లు చుడుతున్న నరసింహులు. చెమట తుడుచుకుంటున్న నరసింహులు. అరిటాకు ముందు, పందిరి గుంజ పక్కన, ఎవరి పాపనో నవ్విస్తూ నరసింహులు. ఒక మూల బొమ్మలో అక్కా బావా.

గది మొత్తం నీళ్ల అడుగుకు దిగిపోయి, టీవీ వెలుగొక్కటే నీలంగా తేలుతున్నట్టు అనిపించింది వాణికి.

"టేపు చెడిపోలా," అన్నాడు నరసింహులు.

"మల్ల?"

"నేను రికార్డు నొక్కలా."

"అంత పనిమంతునివి, ఎట్ల మర్సిపోతివి?"

"ఎదురుగా నువ్వుంటివి. అక్షింతలు ఏస్తా నవ్వితివి."

వాణి తలెత్తలేదు. "ఈ మాట మా నాయనకు చెప్తావా?"

"అబద్ధం చెప్పింది ఆయనకే గదా."

తలుపు తీసుకుని తుంపర్లోకి నడిచాడు.

స్టూడియో అద్దం తలుపు మీద నీళ్లు జారుతున్నాయి. వాటి వెనక రోడ్డు, హోటలు, మనుషులు కరిగి కదులుతున్నారు. అతను చేతులు కట్టుకుని ఏదో చెబుతున్నాడు. నాయన టీ గ్లాసు కింద పెట్టాడు. అతన్ని చూశాడు. స్టూడియో అద్దం వైపు చూశాడు.

నాయన బెంచీ మీద తన పక్కన చేత్తో తట్టాడు. తడిసిన జుట్టుతో నరసింహులు కూర్చున్నాడు. నాయన హోటలాయనకు ఇంకో రెండు టీలని వేళ్లు చూపించి, వాణిని కూడా రమ్మని చెయ్యి ఊపాడు.