ఉర్దూ గదిలో తెలుగు టీచర్

"ఉర్దూ పాఠం ఏదైనా చెప్పండి" అని చాక్‌పీసు చేతికిచ్చేసరికి సల్మాకు ఒళ్లు మండిపోయింది.

మండదా మరి? ఎం.ఏ. తెలుగు చదివింది, తెలుగు పండిట్ ట్రైనింగ్ చేసింది, తెలుగు టీచర్ పోస్టుకే అప్లై చేసింది. గేటు దగ్గర కూర్చున్న పెద్దమనిషి మేడమీది గదికి వెళ్లమంటే, డెమో క్లాసు అక్కడే కాబోలని బుద్ధిగా వెళ్లి కూర్చుంది. అది ఉర్దూ టీచర్ల గదని తెలిసి కిందికి పరుగెత్తేసరికి తెలుగు డెమోలు అయిపోయాయి. ఆయమ్మ గది ఊడ్చేస్తోంది.

పెద్దమనిషంటే వయసులో కాదు, కుర్రాడే. పేరు ఇజాజ్. సిద్దిపేటలో చిన్నకోడూరు రోడ్డులోని ఆ ప్రైవేటు స్కూల్లోనే సోషల్ చెబుతాడు. ఇంటర్వ్యూలకు వచ్చినవాళ్లను గదులకు పంపే పని ఆ రోజు అతనిది. సల్మా అనే పేరు విన్నాడు, బురఖా చూశాడు, మేడమీదికి చెయ్యి చూపించాడు. అంతే.

విషయం తెలిసి ఉర్దూలో క్షమాపణ మొదలుపెట్టాడు. ఆమె తెలుగులోనే అందుకుంది.

"వేరేటోళ్లు గట్ల అనుకుంటె నాకు అలవాటే సార్. మీరెట్ల అనుకున్నరు? మీరు చెప్పేది ఉర్దూనా?"

"కాదు మేడం. సోషల్."

"మరి మీరు ఇంటర్వ్యూకు వచ్చిననాడు మిమ్మల్ని ఉర్దూ గదికి పంపిన్రా?"

ఇజాజ్ తల గోక్కున్నాడు. పైగా, కోపంలో ఆమె కళ్లు ఇంకా పెద్దవవుతున్నాయని గమనించాడు. తప్పు చేసి నిలబడ్డప్పుడు ఇలాంటివి గమనించే మనిషిని ఏమనాలో మీరే చెప్పండి.

కానీ ఒక పని చేశాడు. ప్రిన్సిపల్ నరహరి వెంటపడి, తప్పు తనదేనని చెప్పి, సోమవారం తొమ్మిదో తరగతిలో ఆమెకు డెమో ఇప్పించాడు. సల్మా థ్యాంక్స్ చెప్పలేదు. ఎందుకు చెప్పాలి? అంతకుముందు వెళ్లిన స్కూళ్లలో "తెలుగా? నువ్వా?" అని నవ్వి పంపారు. ఇది కూడా రాకపోతే మేనమామ బట్టల షాపులో బిల్లింగ్ కౌంటర్ దగ్గర కూర్చుంటానని తండ్రికి మాటిచ్చింది. ఆ కౌంటర్ తలుచుకుంటేనే ఆమెకు ఏడుపొస్తోంది.

తండ్రి మజహర్ టైలరు. ఆ సాయంత్రమే ఇజాజ్ అప్లికేషన్‌లో అడ్రసు చూసి అతని షాపుకు వచ్చి, తొమ్మిదో తరగతి పిల్లల సంగతి తనకు బాగా తెలుసని, ప్రిపేరవడానికి సాయం చేస్తానని అన్నాడు. సల్మా వద్దంది. మజహర్ మాత్రం స్టూలు చూపించి కూర్చోమన్నాడు.

సల్మా కటింగ్ టేబుల్ దగ్గర నిలబడి పద్యం చదివి అర్థం చెప్పడం, ఇజాజ్ వెనక బెంచీ పిల్లవాడిలా ఆవలించడం, ఇదీ వరస. ఒకసారి పద్యం మధ్యలో కాగితం రాకెట్ వచ్చి ఆమె భుజానికి తగిలింది.

"మీ పిల్లలు గిట్లనే ఉంటరా?"

"ఇంకా ఘోరంగ ఉంటరు మేడం."

పద్యం బాగా పాడుతోందని అతను ఒప్పుకున్నాడు. అర్థం చెప్పేటప్పుడు మాత్రం పుస్తకం మాట్లాడుతున్నట్టుందని, పిల్లలు నిద్రపోతారని అన్నాడు. ఇంట్లో మాట్లాడినట్టు చెబితే ఏం పోయిందని అడిగాడు.

"మీకేం, అంటరు" అంది సల్మా. "వేరే టీచర్ తప్పు మాట్లాడితే తప్పయింది అంటరు, గంతే. నేను తప్పు మాట్లాడితే, ముందే అనుకున్నం అంటరు. గందుకే ఒక్క మాట జారకుండ మాట్లాడుత."

మజహర్ మిషన్ ఆగింది. ఇజాజ్ రెండో రాకెట్ విసరకుండా జేబులో పెట్టుకున్నాడు.

"తప్పు పట్టేటోడు ఎట్లన్న పడతడు మేడం" అన్నాడు. "గేటు కాడ నన్ను తిట్టిన్రు జూడున్రి, గట్ల చెప్పున్రి. గా తెలుగు నాకు ఇంక మతిల నుంచి పోతలేదు."

సల్మాకు నవ్వొచ్చింది. అతనికి కనబడకుండా టేపు వెతుకుతున్నట్టు అటు తిరిగింది.

సోమవారం పొద్దున్నే వాన. సగం తడిసి వచ్చిన సల్మాను నరహరి గదిలోకి పిలిచి, చల్లని కబురు చెబుతున్నట్టు చెప్పాడు. ఉర్దూ పోస్టు ఇంకా ఖాళీగా ఉందట. తెలుగు కుదరకపోతే ఆమె ఉర్దూ అయినా చెబుతుందని ఇజాజ్ చెప్పాడట. డెమో అక్కర్లేదు, ఇప్పుడే ఆర్డర్ ఇచ్చేస్తాడట. తెలుగంటే మళ్లీ పేరెంట్స్ ఏమంటారో అని గొణిగాడు.

సల్మా తలుపు వైపు చూసింది. అక్కడ నిలబడ్డ ఇజాజ్ నేల చూపులు చూస్తున్నాడు.

"నాకు తెలుగు డెమో ఇయ్యున్రి సార్" అంది నరహరితో. "మంచిగ లేకపోతే మొఖం మీద చెప్పున్రి. పోత."

ఆ మంట మీదనే క్లాసులోకి వెళ్లింది. ఆ మంటలో పుస్తకం భాష ఎటు పోయిందో పోయింది. పద్యంలో రాజు నిండు సభలో ఒక ముసలమ్మ మాట వినకుండా తీర్పు చెబుతాడు. ఆ ముసలమ్మకు ఎంత మండి ఉంటుందో సల్మా సిద్దిపేట తెలుగులో చెబుతుంటే వెనక బెంచీలు కూడా నోళ్లు తెరుచుకుని విన్నాయి. రాగం తీసి పద్యం పాడితే క్లాసంతా ఇంకోసారి పాడమంది. చివరి వరసలో కూర్చున్న నరహరి ఫోను మోగుతున్నా తీయలేదు. బయటికి వచ్చాక ఎల్లుండి నుంచి చేరమన్నాడు, తెలుగుకే.

ఇజాజ్ వరండాలో ఎదురొచ్చి కంగ్రాట్స్ అన్నాడు. అంత ధైర్యం ఎలా వచ్చిందో!

"నా తరఫున ఉర్దూ చెప్తనని మీరెట్ల చెప్పిన్రు?"

"భయమయింది మేడం. మీకు ఉద్యోగం రాకపోతే మళ్ల కనపడరని. ఏ సబ్జెక్టయినా సరే, మీరు గీడ ఉంటె చాలనుకున్న." వాన చప్పుడులో మాట వినబడదేమోనని కొంచెం గట్టిగానే అన్నాడు. "మీరంటె నాకు ఇష్టం."

ఆ మాట సల్మాకు బాగానే వినబడింది. కోపం మాత్రం తగ్గలేదు.

"నన్ను ఇంకో మనిషిని చేసి పక్కన కూసోబెట్టుకుంటె, మీరు ఇష్టపడ్డది ఎవల్ని సార్?"

గొడుగు విప్పుకుని వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఇజాజ్ ఆమెకు సంజాయిషీలు చెప్పలేదు, వెంటపడలేదు. స్టాఫ్ రూములో ఎవరైనా సల్మా గురించి ఏదైనా అడిగితే మాత్రం "మేడంనే అడగున్రి" అనేవాడు. వర్షాకాలం అయిపోయేసరికి సల్మా తనే ఒకరోజు అతని ముందు ఆగి, చెప్పాల్సిందేదో ఇంటికొచ్చి తన అబ్బాకు చెప్పమంది.

ఆదివారం ఇజాజ్ వాళ్లమ్మ మహబూబున్నీసాను తీసుకుని వచ్చాడు. ఆమె తొగుట ఊరి మనిషి, మాట సూటిగా ఉంటుంది. సల్మా ఆమెను ఖాలా, అంటే పిన్నీ, అని పిలిచి చాయ్ ఇచ్చింది. ఆమె చాయ్ తాగుతూ, పెళ్లయినంక కూడా పిల్ల నౌకరీ చేస్తదా అని మజహర్‌ను అడిగింది. మజహర్ ఇజాజ్ వైపు చూశాడు. ఇజాజ్ నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు.

"నన్ను చూస్తరేంది చాచా? ఆమెనే అడగున్రి. ఒకపారి ఆమె తరఫున చెప్పి మస్తు తిట్లు తిన్న."

అందరూ సల్మా వైపు తిరిగారు. ఇన్నాళ్లూ సిద్ధంగా పెట్టుకున్న కోపం కోసం ఆమె లోపల వెతుక్కుంది. ఎక్కడా దొరకలేదు.

"చేస్త అమ్మీ" అంది. "తెలుగే చెప్త."

ఖాలా కాస్తా అత్తగారి వరసలో అమ్మీ అయిందని మజహర్‌కు ముందు అర్థమై కళ్లు తుడుచుకున్నాడు. మహబూబున్నీసా చాయ్ కప్పు పక్కన పెట్టి ఆమె చెయ్యి పట్టుకుంది. అందరికన్నా ఆలస్యంగా అర్థమైంది సోషల్ సార్‌కే. అర్థమయ్యాక నవ్వు ఆపుకోలేకపోయాడు.

"ఎందుకు నవ్వుతున్నరు?" అని కసిరింది సల్మా. అప్పటికి తనూ నవ్వుతోంది.