నర్సరీ తొట్టిలో నిట్టూర్పు

కాజీపేట రోడ్డు దిగి కాస్త లోపలికి వెళితే పాత మొక్కల నర్సరీ ఒకటి ఉండేది. దాని వెనక ఇటుకల తొట్టి. డెబ్బై తొమ్మిది ఎండాకాలంలో ఆ తొట్టికి చెడ్డపేరు వచ్చింది. పొద్దుగూకాక అందులోంచి ఎవరో నిట్టూరుస్తారని... గుండెల్లో గాలంతా ఒక్కసారే వదిలినట్టు బుస్సుమంటుందని చెప్పుకునేవారు. కట్టెలకు వెళ్లిన మొగిలమ్మ మోపు అక్కడే పడేసి వచ్చి జ్వరం తెచ్చుకుంది.

అప్పుడక్కడ కొత్తగా జంతువుల పార్కు కడుతున్నారు. ఇంకా తెరవలేదు, బోన్లన్నీ ఖాళీ. రాత్రిళ్లు వాచ్‌మన్ ఇస్సాకు ఒక్కడే ఉండేవాడు. అతని భార్య లిదియక్క మా పక్కింటామె. జరిగింది ఆమె మా అమ్మకు చెప్పింది, మా అమ్మ నాకు చెప్పింది. మధ్యలో కొంచెం కలిపే ఉంటుంది, కలపకపోతే ఆమె మా అమ్మే కాదు.

లిదియక్కకు దెయ్యాలంటే భయం లేదు. ఉన్న భయమంతా ఆడవాళ్లంటేనే. ఇస్సాకు పెద్ద అందగాడేం కాదు, అయినా ఎదురింటికి పాలకు పంపాలన్నా ఆలోచించేది. అలాంటామెకు ఒక పొద్దున మొగుడి బనీను మీద ఎర్రటి మరక కనిపించింది.

వాళ్లు చర్చికి వెళ్లేవాళ్లు. ఇంట్లో కుంకుమ భరిణె లేదు, లిదియక్క నుదుట బొట్టు లేదు. మరి ఈ ఎరుపు ఎవరిది? గాయమేమోనని ఒళ్లంతా చూసింది, గీత కూడా పడలేదు. అంటే బొట్టే. బొట్టు పెట్టుకున్నది వచ్చి రొమ్ము మీద తల ఆనిస్తే తప్ప అక్కడ అంటదు.

ఆ తర్వాత ఇంట్లో కొబ్బరినూనె సీసా ఊరికే ఖాళీ అవడం మొదలైంది. దాని జుట్టు ఎంత పొడుగో అనుకుని లిదియక్క లోలోపల ఉడికిపోయింది. కుళ్లుతో అన్నం సయించలేదు. మొగుణ్ని వదిలేసి కేసముద్రంలో తల్లిగారింటికి పోదామని ట్రంకుపెట్టె కూడా సర్దుకుంది. కానీ దాని ముఖం చూడకుండా ఎలా పోతుంది?

"తొట్టి కాడ దయ్యమున్నదంటాండ్రు. నీకు భయమైతలేదా?" అని అడిగింది.

ఇస్సాకు తల తిప్పుకున్నాడు. "ఉన్నది. నువ్వు అటు దిక్కు రాకు."

దెయ్యాన్ని పుట్టించింది ఈయనేనని ఆమెకు అప్పుడు రూఢి అయింది.

చీకటి పడగానే కొంగు బిగించి వెంట నడిచింది. నర్సరీ కంచె దాటింది... జామాయిల్ ఆకులు కాళ్ల కింద చప్పుడవుతుంటే ఆగి ఆగి అడుగేసింది. తొట్టి చుట్టూ తడికలు కట్టి ఉన్నాయి. లోపల లాంతరు వెలుగు. బొక్కెనతో నీళ్లు కుమ్మరించిన చప్పుడు.

స్నానం చేయిస్తున్నాడు — కట్టుకున్న పెళ్లానికి ఏనాడూ వీపు రుద్దనివాడు.

"ఎంత ఎండిపోయినవే..." ఇస్సాకు గుసగుస. "అటు ఇటు తిర్గుదామన్న జాగ లేకపాయె. ఇంత ఇరుకుల ఎట్ల బతుకుతవే నువ్వు? జర ఓపిక పట్టు. పెద్ద జాగ చూపిస్తమన్నరు. నేనే దగ్గరుండి తీస్కపోత."

పెళ్లయినప్పటి నుంచీ ఒంటిగదిలో, పొయ్యి పక్కనే పడుకుంటూ, ఇంకో గదున్న ఇల్లు చూడమని లిదియక్క అడుగుతూనే ఉంది. ఒక్కనాడూ ఈ గొంతుతో జవాబు రాలేదు.

అప్పుడు వినిపించింది... బుస్స్...

తడికలు కదిలాయి. వేడిగాలి, పాచి వాసన ముఖానికి కొట్టాయి. "యేసు రక్తమే జయం" అని గొణుక్కుంటూనే ఆమె తడికను పక్కకు లాగేసింది.

ముందు నోరే కనబడింది. మనిషి కూర్చోగలిగినంత నోరు. దాని వెనక తొట్టి నిండా ఒళ్లు — ఆ గోడా ఈ గోడా రాసుకుంటోంది, నీళ్లు పొట్టకు కూడా అందడం లేదు. వీపంతా పగుళ్లు. చర్మం మీంచి ఎర్రగా కారుతోంది.

"నీటిగుర్రమే," అన్నాడు ఇస్సాకు బొక్కెన కింద పెట్టి. "ఆడది. వేరే జూ నుంచి తెచ్చిండ్రు. దీనికోసం కుంటంత మడుగు తవ్వుతమన్నరు, ఇంక తవ్వలే. ఈ తొట్టేమో కారుతాంది, పొద్దూకేసరికి నీళ్లుంటలేవు. బయట చెప్తే నౌకరీ పోతదని పార్కు ఆఫీసరు కిషన్ రావు సారు బెదిరిచ్చిండు. అందుకే దయ్యమని నేనే అన్న. అది నెత్తురు కాదు, దాని చెమటే అట్లుంటది. నూనె పగుళ్లకు రాస్తాన."

లిదియక్కకు నవ్వు రావాలి. రాలేదు. మొగుడి చెయ్యి దాని ముట్టె మీద ఉంది. అది కళ్లు మూసుకుని ఉంది.

"నాతోని ఎన్నడన్న ఇట్ల మాట్లాడినవా?" అంది.

ఆమె బొక్కెన అందుకుంది. కేసముద్రం ప్రయాణం మానుకుని, రోజూ పొద్దుగూకగానే తనూ వెళ్లేది. పంతానికి పోసేదట, మొగుడికన్నా ఎక్కువే పోసేదట. ఎన్ని పోసినా ఆ తొట్టిలో అది ఒక్కసారి కూడా మునగలేకపోయింది.

మడుగు తవ్వలేదు. రోహిణి ఎండల్లో ఒక పొద్దున అది లేవలేదు. తొట్టి పూడ్చేశారు. పార్కు తెరిచారు, జనం పిల్లల్ని తీసుకుని వచ్చారు. ఇస్సాకు మామూలుగానే డ్యూటీకి వెళ్లొచ్చేవాడు.

మరుసటేడు ఒక మధ్యాహ్నం లిదియక్క మా అమ్మ పక్కన కూర్చుని గొంతు తగ్గించింది.

"ఆడమనిషైతే జుట్టు పట్టుకొని ఎల్లగొట్టేదాన్ని వదినా. బతికున్నప్పుడన్న నీళ్లు పోసి పోటీపడ్డ. ఇప్పుడేం చెయ్యాలె? డ్యూటీ నుంచి వచ్చి మంచం మీద గోడకు అతుక్కొని పంటాండు... ఎవలకో జాగ ఇచ్చినట్టు. మొన్న నాకు కోపమొచ్చి, ఆ జాగల నేనే పోయి పండుకున్న."

"పండుకుంటే?" అంది మా అమ్మ.

"బొంత తడిగున్నది వదినా, పాచి వాసన... ఎచ్చగ ఉన్నది."