హస్తసాక్షి ఎరగని చేతులు

తెర మీద పేర్లు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. పేరు పక్కన పచ్చగీత. గీత ఎంత పొడుగుంటే పరిశోధనలో ఆ మనిషి చేతిపని అంత ఉన్నట్టు. జూనియర్ కిరీటి పేరు పక్కన గీత తెర అంచుదాకా పాకింది. డాక్టర్ కట్టా మృదుల పేరు పక్కన గీతే లేదు. దుమ్ము గానీ అడ్డం పడిందేమోనని డైరెక్టర్ పురుషోత్తంగారు లేచి, జేబురుమాలుతో తెర తుడిచి మరీ చూశారు. దుమ్మేమీ లేదు. ఆమె వాటా అంతే.

ఉప్పుజ్వరం పేరు చెబితే రొయ్యల చెరువుల మీద బతికే జనానికి ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఆ బాక్టీరియా చాలాకాలం ఏ మందుకూ లొంగలేదు. మూడు యాంటీబయాటిక్స్‌ని ఒక వరసలో కలిపి ఇస్తే లొంగుతుందని కనిపెట్టింది మృదుల. విశాఖ శివార్లలోని అంటువ్యాధుల పరిశోధన సంస్థలో, ఏడాదికోసారి దయతలచి పొడిగించే కాంట్రాక్టు మీద, తల నెరిసేదాకా కూర్చుని కనిపెట్టింది. ఇన్నాళ్ళకి అక్కడ ఒక్క పర్మనెంటు పోస్టు పడింది, గీత పొడుగున్నవాళ్ళకే అది. వయసు లెక్కన ఆమెకిదే ఆఖరి అవకాశం. ఇది తప్పిపోతే కాంట్రాక్టు కూడా ముగుస్తుంది, ల్యాబ్ తలుపు ఆమెకి తెరుచుకోదు. ఆ తలుపు వెనక తప్ప బతకడం ఆమెకి చేతకాదు.

తమాషా ఏమిటంటే, ఎవరి చేతిపని ఎంతో లెక్కగట్టే ఈ హస్తసాక్షి మెషిన్ కావాలని అందరికంటే ముందు గొడవపడింది మృదులే. వయసులో ఉన్నప్పుడు ఆమె చేసిన మొదటి పెద్ద పని కాస్తా గైడు పేరు మీద అచ్చయింది. రిజిస్టర్లో ఎవరి పేరైనా ఎవరైనా రాసుకోవచ్చు. కెమెరాలో చూద్దామా అంటే, తెల్ల సూట్లూ ముసుగులూ వేసుకున్నాక అందరూ ఒక్కలాగే ఉంటారు. అందుకని చేసినవాళ్ళకే పేరు దక్కే ఉపాయం ఏదైనా ఉంటే బాగుండునని ఆమె ఏళ్ళ తరబడి అడుగుతూ వచ్చింది.

ఆ ఉపాయం పట్టుకొచ్చినవాడు డాక్టర్ ఇమ్మానుయేల్. మెషిన్ బిగించిన రోజున అందరినీ కూర్చోబెట్టి విడమరిచి చెప్పాడు. "మన చర్మం మీద కోట్ల సూక్ష్మజీవులు కాపురం ఉంటాయండీ. ఒకరి మీదున్న కలగలుపు మరొకరి మీద ఉండదు. ఏది ముట్టుకున్నా కొన్ని దానికి అంటుకుంటాయి. చచ్చిపోయినా వాటి డీఎన్ఏ ఉంటుంది. ఏ ట్యూబు ఎవరు పట్టుకున్నారో ఇది చదివేస్తుంది."

"చేతులు కడుక్కుంటే పోవా?" అని ఎవరో అడిగారు.

"సబ్బుకి పోవు, మళ్ళీ అవే మొలుస్తాయి. మొత్తంగా తుడిచిపెట్టాలంటే మన మృదులగారి మందులాంటిది వారాల తరబడి ఎక్కించుకోవాలి. ప్రమోషన్ కోసం అంత తెగింపు ఎవరికుంటుందండీ?"

అందరూ నవ్వారు. మృదుల కూడా నవ్వింది.

ఇప్పుడు ఆ ఇమ్మానుయేలే గీత లేని పేరు వంక తెల్లబోయి చూస్తున్నాడు. "మేడమ్, మీరు గ్లౌజులు ఎన్ని వేసుకుంటారు?"

"రెండు జతలు."

"పనయ్యాక ట్యూబుల్ని?"

"స్పిరిట్‌తో తుడుస్తాను. రెండుసార్లు. ఉప్పుజ్వరం కదండీ."

ఇమ్మానుయేల్‌కి అప్పుడు అర్థమైంది. అతను మెషిన్‌ని పరీక్షించింది ఈస్ట్ మీదా, మొక్కల మీదా పనిచేసే ల్యాబుల్లో. అక్కడ పొరపాటున చెయ్యి తగిలితే ఎవరూ చావరు. ప్రాణాంతకమైన క్రిములతో పనిచేసేవాళ్ళ విద్యంతా తమ ఆనవాలు దేనికీ అంటకుండా చూసుకోవడమే. అందులో మృదులని మించినవాళ్ళు లేరు. కిరీటి సంగతి వేరు. గ్లౌజు చేత్తోనే కళ్ళజోడు సర్దుకుంటాడు, మెడ గోక్కుంటాడు. ఆమె ట్యూబుల డబ్బాల్ని ఫ్రీజర్లో అటూ ఇటూ జరిపింది అతనే. గీత పెరగడానికి అది చాలింది.

"నేను డబ్బాలు సర్దానంతే మేడమ్," అన్నాడు కిరీటి, తర్వాత వరండాలో, తల దించుకుని. సెలక్షన్ కమిటీ ముందు మాత్రం ఆ ముక్క అనలేదు. అతనిదీ కాంట్రాక్టు ఉద్యోగమే, ఇంట్లో పసిబిడ్డ ఉంది. మృదులకి కోపం రాలేదు. వచ్చుంటే బాగుండేది.

పురుషోత్తంగారు మంచివారే. "అసలు ప్రయోగాన్ని మరొక్కసారి చేసి చూపించమ్మా," అన్నారు. "ఆ ట్యూబులు మళ్ళీ చదివిద్దాం. ఇంతకంటే నా చేతిలో లేదు."

ఇంటికెళ్ళి చెబితే భర్త శ్రీకర్‌కి అర్థం కాలేదు. అతను ఎలక్ట్రిక్ ఆటోల చార్జింగ్ పాయింటు నడుపుతాడు. తీగ తగిలిస్తే బండి నిండాలి, అంతే అతనికి తెలిసిన సైన్సు.

"నువ్వే చేశావని అక్కడ అందరికీ తెలుసు కదా?"

"తెలుసు."

"మరింకేం?"

"వాళ్ళకి తెలిస్తే చాలదు శ్రీకర్. మెషిన్‌కి తెలియాలి."

"అయితే ఒక్కసారి గ్లౌజు తీసేసి ముట్టుకో. పీడా పోతుంది."

మృదుల అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి అతని వంక చూసింది. "నీకు తెలియక అన్నావులే," అంది. కానీ ఆ మాట ఆమెని వదల్లేదు.

ప్రయోగం మళ్ళీ చెయ్యడానికి ల్యాబులోకి వెళ్ళేసరికి ఆమె ఒక్కతే వెనకబడిందని అర్థమైంది. ఫలితాలు చూసిన రోజునుంచే జనం మారిపోయారు. గ్లౌజులు తొడుక్కున్నాక అరచేతులు మెడకి రుద్దుకుంటున్నారు. స్పిరిట్ సీసాలు మూత తియ్యకుండా పడున్నాయి. ఒకమ్మాయి గ్లౌజు వేళ్ళ చివర్లు కత్తిరించేసుకుంది. వీళ్ళలో సగంమందికి పని నేర్పింది మృదులే. ఇదివరకైతే చీవాట్లు పెట్టి బయటికి పంపేది. ఈసారి చూడనట్టు నటించి తన బల్ల దగ్గరికి వెళ్ళింది. సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి.

ప్రయోగం ఎప్పటిలాగే చక్కగా వచ్చింది. ఇక చివరి ట్యూబులు మిగిలాయి. పై గ్లౌజు తీసింది. లోపలి గ్లౌజు అంచు పట్టుకుంది. చెయ్యి కదలలేదు. ఏళ్ళ అలవాటు ఆ చేతిని గట్టిగా పట్టుకుని వద్దంటోంది. పోస్టు పోతే రేపణ్ణుంచి ఈ చేతులు దేనికని తనని తాను అడిగింది. కళ్ళు మూసుకుని గ్లౌజు లాగేసి, వట్టి వేళ్ళతో ట్యూబు పట్టుకుంది. గాజు చల్లగా తగిలింది. ఇన్నేళ్ళలో ఆ చల్లదనం తెలియడం అదే మొదలు.

గ్లౌజుల్లో నానీ నానీ ఆమె గోటి చివర ఎప్పుడో పగిలింది. ట్యూబు మూతి దగ్గర అంటుకునున్న తడి ఆమె చూడలేదు.

జ్వరం వచ్చాక ఆమెకి ఏ పరీక్షా అక్కర్లేకపోయింది. ఆస్పత్రిలో గాజుగది. లోపల మంచం, గోడలో మందులు పెట్టే సొరుగు, మాట్లాడుకోవడానికి స్పీకరు. ఆమె కనిపెట్టిన మందునే ఆమె నరాల్లోకి ఎక్కించారు. మొదట్లో గాజుకి అవతల నిలబడి శ్రీకర్ ఏడ్చేవాడు, ఆ మాట అనకపోయినా బాగుండేదని. వారాలు గడిచాయి. మందు బాగా పనిచేసింది. తన మందు ఒక మనిషిని బతికిస్తుంటే మొదటిసారి అంత దగ్గర్నుంచి చూసింది, ఆ మనిషి తనే.

ఒక ఉదయం పురుషోత్తంగారూ ఇమ్మానుయేలూ గాజు అవతలికి వచ్చారు.

"మృదులా, నీ గీత అందర్నీ దాటేసింది," అన్నారు డైరెక్టర్, మొహం వెలిగిపోతుంటే. "పోస్టు నీదే. చేరే గడువు ఇవాళే. సంతకం బదులు హస్తసాక్షి మీద చెయ్యి పెడితే చాలు."

సొరుగులోంచి పలకంత మెషిన్ లోపలికి వచ్చింది. మృదుల కుడిచెయ్యి దాని మీద పెట్టింది. ఎర్రదీపం వెలిగింది. ఎడమచెయ్యి పెట్టింది. మళ్ళీ ఎరుపే. 'ఈ చేతులు రికార్డులో లేవు.'

ఇమ్మానుయేల్ మొహంలో నెత్తుటిచుక్క లేదు. "మందు," అన్నాడు. "మీ మందు అన్నిటినీ చంపేసింది. మీవంటూ ఒక్కటీ మిగల్లేదు. ఇప్పుడున్నవన్నీ ఈ గదివి."

"నేనే కదండీ మృదులని. మీరు నన్ను చూస్తున్నారు కదా."

"చూస్తున్నానమ్మా," అన్నారు పురుషోత్తంగారు. చూపు మాత్రం పక్కకి తిప్పుకున్నారు. "మృదుల సాయంత్రంలోగా వచ్చి చేరకపోతే పోస్టు తర్వాతి గీతకి వెళ్ళిపోతుంది."

తర్వాతి గీత కిరీటిది. అతని పేరు ఎవరూ ఎత్తలేదు. మృదులకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. గాజుగోడ మొదట్నుంచీ ఉంది, కానీ దానికి తలుపే లేనట్టు ఇప్పుడే అనిపించింది.

పలక మీద కొత్త వాక్యం వచ్చింది. 'కొత్త వ్యక్తి. నమోదు చేయాలా?' అవునంటే ఏ పనీ చెయ్యని ఒక కొత్త మనిషి రికార్డులో పుడుతుంది. మళ్ళీ అడుగునుంచి, ఏడాది కాంట్రాక్టు మీద, ల్యాబులో ఏదో ఒక మూల చోటిస్తారు. కాదంటే అదీ ఉండదు.

ఆమె చూపుడువేలు 'అవును' మీదికి వెళ్ళింది. అలవాటు కొద్దీ, పలక గాజుకి తగలకుండా వెంట్రుకవాసి పైన ఆగింది.