తొమ్మిదో పట్టు

2084లో విశాఖపట్నంలో పిల్లలు బడి ఎగ్గొడితే పెద్దవాళ్లు సముద్రం ఒడ్డున వెతకరు. తురుపు మందిరాల్లో వెతుకుతారు. జంట తురుపు అప్పటికి క్రికెట్టును దాటిపోయింది. నలుగురు ఆటగాళ్లు, ఎదురెదురుగా కూర్చునే రెండు జంటలు. నలుగురూ తలో ముక్క వేస్తే ఒక పట్టు. అలాంటివి పదమూడు. ముక్కలు మాత్రం కాగితానివి కావు. బల్ల తెర మీద వెలుగుతాయి, ఎవరివి వాళ్ల కళ్లద్దాలకే కనిపిస్తాయి.

"ఆ వెలుగు ముక్కలకి వాసనుండదమ్మాయ్. కాగితానివి తెప్పించు," అంది వకుళాదేవి.

ఆమెకు డెబ్బై తొమ్మిదేళ్లు. ఆరుసార్లు ప్రపంచ విజేత. పరిశోధనశాలలో ఆమె మాట కాదనేవాళ్లు లేరు. అక్కడి పరిశోధకురాలు డాక్టర్ తనూజ మ్యూజియంలో అడిగి ఒక పాత పేక తెప్పించింది. వకుళ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని కాసేపు కళ్లు మూసుకుంది.

ఎదురు కుర్చీలో మనిషి లేడు. అక్కడ ఉన్నది ప్రతిచిత్తం. సాంకేతిక పత్రాల్లో దాని పేరు ప్లేయర్ రీకన్‌స్ట్రక్షన్ ఇంజిన్. చనిపోయిన ఆటగాడు ఆడిన ప్రతి ఆటనూ, ప్రతి ముక్కకు ముందు అతను ఆగిన ప్రతి క్షణాన్నీ చదివి, అతని ఆలోచన నడిచిన దారిని అది మళ్లీ కడుతుంది. సన్నటి లోహపు చెయ్యి ముక్కలు పట్టుకుంటుంది. గొంతు కూడా పాత రికార్డుల్లోంచి తీసిందే. ఈ ప్రతిచిత్తం దేవసహాయానిది.

ఒకప్పుడు కాకినాడ ఓడరేవు ఆఫీసులో వకుళ గుమాస్తా. ఆ ఊళ్లోనే దేవసహాయం లెక్కల మాస్టారు. ఒక పోటీలో జంట కుదిరి ముప్పై ఏళ్లు కలిసి ఆడారు. తొలి రోజుల్లో పోటీలకు వెళ్లే రైల్లో పై బెర్తు మీద తువ్వాలు పరుచుకుని సాధన చేసేవాళ్లు. కుదుపులకు ముక్కలు కింద పడితే కింది బెర్తువాళ్లు అందించేవాళ్లు.

"కానీండి వకుళగారూ," అంది యంత్రం.

అదే గొంతు, అదే తొందర.

పరిశోధనశాల వాళ్లిద్దరు ప్రత్యర్థులుగా కూర్చున్నారు. మూడు ఆటలు సాగాయి. యంత్రం వేసే ప్రతి ముక్కకూ వకుళ ముందే తల ఊపింది. నాలుగో ఆటకు ముందు ఆమె పేక బల్ల మీద పెట్టేసింది.

"సింగపూర్ ఫైనల్ ఆఖరి ఆట పెట్టు."

తనూజకు ఆ ఆట తెలుసు. 2061లో, పదకొండో పట్టు దగ్గర దేవసహాయం డైమాను ఆడితే గెలిచేవాళ్లు. డైమాను ఆసు వకుళ దగ్గరే ఉంది. ఆయన కళావరు ఆడాడు. మిగిలిన పట్లన్నీ ప్రత్యర్థులు ఎగరేసుకుపోయారు. 'దేవసహాయం మతిమరుపు' అని పత్రికలు రాశాయి. "వయసైందండీ, లెక్క తప్పాను," అని చెప్పి ఆయన ఆట మానేశాడు. వకుళ వేరే జతగాడితో మరో రెండుసార్లు గెలిచింది. ఆయనతో మళ్లీ మాట్లాడలేదు. తొమ్మిదేళ్ల కిందట ఆయన పోయినప్పుడు చర్చి బయట నిలబడి వెనక్కి వచ్చేసింది.

మొదటి పది పట్లనూ రికార్డు ప్రకారం యంత్రమే చకచకా పేర్చింది. పదకొండోది ఆడాల్సి వచ్చింది. లోహపు చెయ్యి కాసేపు ఆగి కళావరు వేసింది.

"చూశావా! మళ్లీ అదే తప్పు," అంది వకుళ. ఆమె మొహంలో విచిత్రమైన తృప్తి.

"ఇది మర్చిపోదండీ," అంది తనూజ మెల్లగా. "ఆయనకు తెలిసిన వాటి మీదే లెక్క కడుతుంది. కారణం అడగండి."

"ఎందుకేశారండీ కళావరు?"

"తొమ్మిదో పట్టులో మీరు కళావరు తొమ్మిది పారేశారు కదండీ. ఆసు మీ దగ్గరుందనుకున్నాను."

అడిగిన రంగు చేతిలో లేనప్పుడు ఎనిమిదికి పైముక్క పారేస్తే, పారేసిన రంగులో ఆసు ఉన్నట్టు లెక్క. రైల్లో తువ్వాలు మీద పెట్టుకున్న గుర్తు అది. ఇద్దరికి తప్ప మూడోవాళ్లకు తెలియదు. యంత్రం దాన్ని వేల ఆటల్లోంచి పట్టుకుంది.

"ఆ రోజు వీడియో ఉందా?" అని అడిగింది వకుళ.

తెర మీద ముప్పై ఏళ్ల అలవాటును మర్చిపోయి, మనసంతా తురుపుల లెక్కలో పెట్టుకుని, కళావరు తొమ్మిదిని విసిరేస్తున్న తన చెయ్యి కనిపించింది. రెండు పట్ల తర్వాత దేవసహాయం కళావరు ఆడాడు. ఆమె మూడు వేసింది. ఆయన ఆ మూడు వైపు చూశాడు. తలెత్తి ఆమె మొహం చూశాడు. ఆట అయిపోగానే, ఎవరూ అడగకముందే, బల్ల మీది కాగితం ముక్కలన్నీ దగ్గరికి లాగి కలిపేశాడు.

"ఆయనకి తెలుసు," అంది వకుళ. "లోకమంతా నిలదీసింది. చెప్పలేదు. నేనొక్కసారి అడగ్గానే నీ యంత్రం చెప్పేసింది."

తనూజ మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మీకంటే ముందు పద్దెనిమిది మంది పాత ఆటగాళ్లు వచ్చారండీ. అందరూ పోయిన జతగాడితో ఒక్క ఆటే అడిగారు, ఓడిపోయిన ఆట. పదకొండు మందికి తప్పు తమదేనని తేలింది. ఆ పదకొండు మందీ ఆ ఆటను యంత్రంలోంచి చెరిపేయమన్నారు. ఒప్పందంలో ఆ హక్కు ఉంది. మీకూ ఉంది. నేను ఎవరికీ చెప్పను."

వకుళ పేక సర్దింది. ఒక్కో ముక్కా అంచులు కలిపి, వేళ్లతో తట్టి.

"బయట పత్రికలవాళ్లు ఉన్నారా?"

"ఉన్నారండీ. యంత్రం గురించి మీ అభిప్రాయం కోసం."

"పద."

పరిశోధనశాల మెట్ల మీద నలభై కెమెరాలు ఆమె వైపు తిరిగాయి. దేవసహాయంతో ఆడినట్టే ఉందా అని ఎవరో అడిగారు.

"ఆట అచ్చం ఆయనదే," అంది వకుళాదేవి. "ఆయన మటుకు అందులో లేడు. రాసుకోండి. సింగపూర్లో మర్చిపోయింది దేవసహాయం గారు కాదు. తొమ్మిదో పట్టులో తప్పు ముక్క వేసింది నేను. పోయేదాకా ఆయన నా పరువు కాపాడాడు. నేను ఆయన చావుకి కూడా లోపలికి వెళ్లలేదు."

ఆమె రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టే దిగి వెళ్లిపోయింది.

మర్నాడు ఉదయం తనూజకు రాజమండ్రి నుంచి ఫోన్ వచ్చింది. పరాంకుశం అనే పాత ఆటగాడు. ఎనభై రెండేళ్లవాడు. ఆ పదకొండు మందిలో ఒకడు.

"అమ్మా, నిన్న వకుళగారి మాటలు విన్నాను. మా తమ్ముడితో ఆడిన ఆట... చెరిపేశారా, ఇంకా ఉందా?"

"అప్పుడే చెరిపేశామండీ. మళ్లీ తీసుకురాలేం."

అవతల కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది.

"పరవాలేదమ్మా," అన్నాడు పెద్దాయన. "యాభై రెండు ముక్కలూ నాకు గుర్తే. చెబుతాను, రాసుకో."