మర లేని నట్టు

"మీ ఎముక వచ్చిందండీ."

సోమవారం ఉదయం పదింటికి ఫోనెత్తగానే ఒక అమ్మాయి గొంతు అన్న మొదటి మాట ఇది. ప్రేమకథల్లో మొదటి మాటలు ఎంత బాగుంటాయో నాకూ తెలుసు. నా వంతుకు ఇదే వచ్చింది.

"ఎవరి ఎముకండీ?" అన్నాను.

"మీ పేరు మీదే వచ్చింది. క్లియరింగ్ ఏజెన్సీ నుంచి మాట్లాడుతున్నా. పార్సిల్ మీద ఉన్నది చదువుతా, వినండి. బోన్ నట్ ఒకటి. బ్రిడ్జి ఒకటి. శాడిల్ ఒకటి. మెషిన్ హెడ్స్ ఎనిమిది." కాగితం తిప్పిన చప్పుడైంది. "ఎముకా, వంతెనా, గుర్రపు జీనూ, ఎనిమిది తలకాయలూ. అసలు మీరేం చేస్తుంటారండీ?"

"గిటార్లు చేస్తుంటాను."

"గుర్రం మీద కూర్చునా?"

నాకు ఒళ్లు మండింది. మండినా ఏం లాభం, పార్సిల్ ఆవిడ దగ్గరుంది. వస్తున్నానని చెప్పి ఫోన్ పెట్టేశాను.

గిటార్ మెడ చివర, తీగలు తల వైపు దాటే చోట, వేలెడంత పట్టీ ఒకటి ఉంటుంది. తీగలు కూర్చోవడానికి దాంట్లో సన్నని గాట్లుంటాయి. దాన్ని నట్టు అంటారు. ఎందుకంటారో నాకూ తెలీదు. మంచి నట్టు ఎముకతోనే చేస్తారు. మామూలు ఆరు తీగల గిటార్‌కైతే ఎక్కడైనా దొరుకుతుంది. నాకొచ్చిన ఆర్డరు ఎనిమిది తీగలది. దానికి అన్ని భాగాలూ ఒకదానికొకటి కుదిరేలా చేసే ముసలాయన ఒక్కడే ఉన్నాడు, ఆయన సముద్రం అవతల ఉన్నాడు. ఆయన అడిగిన ధర కంటే పార్సిల్ ఖర్చు ఎక్కువ. సుంకం ఆ పార్సిల్ ఖర్చు మీద కూడా వేస్తారని నాకు తరవాత తెలిసింది. నాకు చాలా విషయాలు తరవాతే తెలుస్తాయి.

మేడ మీద నా వర్క్‌షాపు. కింద మా నాన్న హార్డ్‌వేర్ షాపు.

"నా కొట్లో నట్లు కిలోల లెక్కన ఉన్నాయి. నువ్వు విమానం ఎక్కించి ఒక్క నట్టు తెప్పిస్తున్నావు. అదీ మర లేనిది," అనేవాడు నాన్న, రోజుకోసారి, టీ తాగినంత క్రమంగా. "నీకే ఎక్కడో నట్టు లూజైంది రా."

మా ఇద్దరికీ ఒక ఒప్పందం ఉంది. ఏడాదిలోగా ఒక్క గిటార్ అయినా నష్టం లేకుండా అమ్మాలి. అమ్మితే మేడ నాది. లేకపోతే నేను కిందకి దిగి, కౌంటర్ వెనక కూర్చుని, మేకులు తూచాలి. ఏడాది ఈ నెలాఖరుకి పూర్తవుతుంది. నాన్న నా ఎత్తుకు సరిపోయే స్టూలొకటి కొని పెట్టేశాడు కూడా.

*

క్లియరింగ్ ఏజెన్సీ రెండో అంతస్తులో ఉంది. గాజు తలుపు, నేల నుంచి నడుం దాకా పేర్చిన ఫైళ్లు, ఆ ఫైళ్ల వెనక ఆ అమ్మాయి. టేబులంతా తడుముతూ పెన్సిల్ వెతుక్కుంటోంది. పెన్సిల్ ఆమె జడముడిలో ఉంది.

"తల్లో ఉందండీ," అన్నాను.

"ఏంటి, ఎముకా?"

"పెన్సిల్."

తీసుకుంది. థాంక్స్ చెప్పలేదు. పాతిక కాగితాల ఫైలు నా ముందు తెరిచింది. "కస్టమ్స్ ఆఫీసర్లు క్వెరీ వేశారు. మొదటి క్వెరీ, ఎముక ఏ జంతువుది? రెండో క్వెరీ, నట్టు ఎందుకు? సుంకం నట్లూ బోల్టుల కోడ్ కింద వేశారు. కట్టేయండి, రేపు తీసుకెళ్లొచ్చు."

"బోల్టులేంటండీ! ఇది వాయిద్యం విడిభాగం."

"నట్టు అని మీ ముసలాయనే రాశాడు కదా."

"నట్టే అండీ."

"అయితే కట్టండి."

"నట్టు కాదండీ!"

"అయితే రుజువు తెండి."

కాలిక్యులేటర్ నా వైపు తిప్పింది. నట్ల కోడ్ కింద సుంకం కడితే గిటార్ అమ్మినా నాకు నష్టం. వాయిద్యం కోడ్ అయితే ఏదో కాస్త మిగులుతుంది. ఆ అంకె చూశాక నా మొహం ఎలా మారిందో గానీ, "ఏమైందండీ?" అంది, మొదటిసారి మెత్తగా.

ఒప్పందం గురించి చెప్పాను. స్టూలు గురించి చెప్పాను. వచ్చే వారం శనివారం పొద్దున పదింటికి ఎనిమిది తీగలాయన వస్తాడనీ, అదే సాయంత్రం ఆయనకి కచేరీ ఉందనీ, గిటార్ సిద్ధంగా లేకపోతే అడ్వాన్సు వెనక్కి అడుగుతాడనీ చెప్పాను.

"స్టూలు మెత్తగా ఉంటుందా?" అంది.

"చెక్కది."

"పాపం," అంది. నిజంగానే అందో, వెక్కిరించిందో తెలీలేదు. ఆ రాత్రి నిద్రపోయే ముందు కూడా అదే ఆలోచించాను. ఆలోచించాల్సింది సుంకం గురించి.

*

మొదటి క్వెరీకి ముసలాయన ఈమెయిల్‌లో జవాబు పంపాడు. ఎద్దు. రెండోదానికి మాత్రం ఎవర్నడగాలో తోచలేదు. నట్టు కానిదాన్ని నట్టు కాదని ఎవరు రాసిస్తారు?

"నేను రాసిస్తా," అన్నాడు నాన్న. "ఏడాదిగా నోటితో చెప్తున్నదే కదా, కాగితం మీద పెట్టడానికేం?"

బిల్లు పుస్తకంలో ఒక కాగితం చింపి, కళ్లజోడు సర్దుకుని రాశాడు. 'ముప్పై ఏళ్లుగా నట్లు అమ్ముతున్న వర్తకుడిగా ధ్రువీకరించునది. నట్టు అన్నదానికి మధ్యలో బెజ్జము, బెజ్జములో మర ఉండవలెను. మా అబ్బాయి తెప్పించిన వస్తువుకు ఈ రెండునూ లేవు. కావున ఇది నట్టు కాదు.' సంతకం, కింద షాపు ముద్ర.

కలానికి మూత పెడుతూ, "నా స్టూలుకి నేనే ఎసరు పెట్టుకున్నట్టున్నా," అన్నాడు.

ఆ అమ్మాయి కాగితాన్ని పై నుంచి కిందదాకా గట్టిగా చదివింది. బిల్లు కాగితం కాబట్టి అడుగున అచ్చేసిన వాక్యాన్ని కూడా వదల్లేదు. "'ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు.' ఇదీ సర్టిఫికెట్‌లో భాగమేనాండీ?"

"కాదండీ, అది బిల్లు పుస్తకం..."

అప్పుడు నవ్వింది. ఫైళ్ల మధ్య నుంచి ఆ నవ్వు ఎలా వచ్చిందో గానీ నేను కాసేపు నట్టు సంగతి మర్చిపోయాను. నేను ఆమెకి మనసులో క్వెరీ అని పేరు పెట్టుకున్నది ఆరోజే.

ఆ తరవాత రోజూ వెళ్లాను. పని ఉండే వెళ్లాను, ఎక్కువగా. బ్రిడ్జి అంటే వంతెన కాదు, తీగల కింది కొసలు పట్టే చెక్క అని ఒకరోజు, దాని మీది శాడిల్‌కి గుర్రం అక్కర్లేదని ఒకరోజు వివరించాను. తలకాయలు తీగల్ని బిగించేవని చెబితే, "మా ఆఫీసులో ఉన్న తలకాయలు అందుకు కూడా పనికిరావు," అంది. ప్రేమకథ కాబట్టి వాన పడాలి. పడింది, సరిగ్గా నేను ఫారాలు పట్టుకుని రోడ్డు దాటుతున్నప్పుడు. క్వెరీ ఆ ఫారాల్ని ఒక్కొక్కటిగా ఫ్యాన్ కింద ఆరబెట్టి, "కాగితాలు తడిస్తే ఆరతాయి గానీ మనిషికి జలుబు చేస్తుంది," అని తన తువ్వాలు నా మీదకి విసిరింది. సీరియస్‌గా ఫైలు చూస్తూనే.

నాకు ఆ అమ్మాయి బాగా నచ్చింది. అంత సూటిగా చెప్పే ధైర్యం ఇప్పుడుంది గానీ అప్పుడు లేదు. అందుకే మరుసటి వారం మంగళవారం ఫారం మీద మూడో సంతకం పెట్టకుండా ఇచ్చి వచ్చాను.

ఆఫీసు ఫారాన్ని వెనక్కి పంపింది. మూడో క్వెరీ, 'సంతకం లేదు.' నాకు ఇంకో రోజు దొరికింది, గిటార్‌కి ఒక రోజు తగ్గింది. చూశారా, నా వ్యాపార తెలివి.

"మర్చిపోయారా, మానేశారా?" అంది క్వెరీ, కాగితం నా ముందుకు తోస్తూ.

"మర్చిపోయానండీ."

"అలాగా," అంది. పెన్సిల్ జడముడిలో గుచ్చుకుంది.

*

బుధవారం సాయంత్రం నాలుగో క్వెరీ ఫోన్‌కి వచ్చింది. మిగతావి టైపు చేసినవి. ఇది పెన్సిల్‌తో రాసిన కాగితానికి ఫోటో. 'దిగుమతిదారు వివాహితుడా, అవివాహితుడా? రుజువు జతపరచవలెను.'

పెళ్లయితే పెళ్లి ఫోటో చూపించొచ్చు. కాలేదని ఏం చూపించాలి? ఒకవైపు శనివారం తరుముకొస్తోంది. పరుగున కిందకి దిగి నాన్న ముందు ఫోన్ పెట్టాను.

నాన్న చదివాడు. కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ చదివాడు. తరవాత కౌంటర్ మీద తల వాల్చి, భుజాలు ఊగేలా నవ్వాడు. మేకులు కొనడానికొచ్చినాయన బెదిరిపోయాడు.

"నవ్వుతావేంటి నాన్నా? ఆఫీసు అడిగితే..."

"ఒరేయ్. ముప్పై ఏళ్లుగా సరుకు తెప్పిస్తున్నా. బేరింగులు తెప్పించా, రంపాలు తెప్పించా. నీకు పెళ్లయిందా అని నన్ను ఏ ఆఫీసూ అడగలేదు." కళ్లు తుడుచుకున్నాడు. "అడిగింది ఆఫీసు కాదురా, మొద్దూ."

చెప్పాను కదా, నాకు చాలా విషయాలు తరవాతే తెలుస్తాయి.

తెలిశాక ముందు సంతోషం రాలేదు, కోపం వచ్చింది. అయితే పార్సిల్ ఎప్పుడో క్లియరై ఉంటుంది! నా షాపు మునిగిపోతుంటే ఈవిడకి సరదానా? గురువారం తలుపు తీయకముందే వెళ్లి నిలబడ్డాను.

"నాలుగో క్వెరీ ఎవరు వేశారండీ?"

"నేనే," అంది క్వెరీ. మొహం ఎర్రబడింది గానీ చూపు దించలేదు. డ్రాయర్ లోంచి పార్సిల్ తీసి టేబుల్ మీద పెట్టింది. "నిన్న సాయంత్రం ఐదింటికి క్లియరైంది. ముద్ర మీద టైము చూసుకోండి. ఐదుంబావుకి క్వెరీ పంపా. మీ పని ఒక్క గంట కూడా ఆపలేదు నేను. ఒక రోజు ఆపింది మీ మూడో సంతకం."

నా కోపం ఎటు పోయిందో తెలీలేదు.

"పార్సిల్ ఇచ్చేస్తే ఇక రారు కదా, అందుకని అడిగా," అంది మెల్లగా. "జవాబు చెప్పకపోయినా పట్టుకెళ్లొచ్చు. వాయిద్యం కోడే వేశారు."

ఆ క్షణంలో ఒక్క మాట అనాల్సింది. కానీ నాకు స్టూలు గుర్తొచ్చింది. గిటార్ అమ్ముడవకపోతే నేనెవర్ని? కౌంటర్ వెనక మేకులు తూచేవాణ్ని. ఏ మొహం పెట్టుకుని జవాబివ్వను?

"శనివారం అయ్యాక చెప్తానండీ."

"శనివారం ఐదింటికి ఫైలు మూసేస్తా," అంది. ఆ మాట ఆఫీసు గొంతుతో అంది. చిన్నబుచ్చుకుందని నాకు కూడా వెంటనే తెలిసింది.

*

రెండు రోజులు వర్క్‌షాపులోంచి బయటికి రాలేదు. నట్టుకి ఎనిమిది గాట్లు సన్నని ఆకురాయితో దించాలి. ఒక్క గాటు వెంట్రుకంత ఎక్కువ దిగితే తీగ జీరగా మోగుతుంది, నట్టు పనికిరాదు. ఇంకోటి తెప్పించే టైము లేదు. ఏడు గాట్లు దించాక ఆగి చేతులు తుడుచుకున్నాను. ఎనిమిదోది రెండు గీతలకోసారి తీగ పెట్టి చూసుకుంటూ దించాను.

శనివారం పదింటికి ఎనిమిది తీగలాయన వచ్చాడు. గిటార్ ఒళ్లో పెట్టుకుని అన్నిటికంటే లావు తీగని మీటాడు. కింద షాపులో మాటలు ఆగిపోయాయి. అరగంట వాయించాడు. తరవాత డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, గిటార్‌ని చంటిపిల్లని మోసినట్టు మోసుకుంటూ మెట్లు దిగాడు.

సాయంత్రం బేరాలు తగ్గాక నాన్నా నేనూ లెక్క వేశాం. చెక్క, తీగలు, ముసలాయన ధర, పార్సిల్, సుంకం అన్నీ పోగా మిగిలిన డబ్బుకి రెండు కాఫీలొస్తాయి.

"ఏడాదికి రెండు కాఫీలా?" అన్నాడు నాన్న.

"నష్టం లేదు కదా నాన్నా."

నాన్న లేచి కౌంటర్ వెనకున్న స్టూలు ఎత్తి నా చేతుల్లో పెట్టాడు. "పైకి తీసుకెళ్లు. నీ షాపుకొచ్చినవాళ్లు కూర్చోడానికి ఏం లేదు." తరవాత గడియారం చూసి, "నాలుగున్నరైంది. ఆ నాలుగోదానికి జవాబిచ్చావా?" అన్నాడు.

"రుజువు లేదు నాన్నా."

బిల్లు పుస్తకం తెరిచాడు.

*

నేను వెళ్లేసరికి క్వెరీ లైట్లు ఆర్పుతోంది. నా ఫైలు టేబుల్ మీద మూసి ఉంది.

"ఐదింటికి ఇంకా రెండు నిమిషాలున్నాయండీ," అన్నాను ఆయాసపడుతూ. "గిటార్ అమ్ముడైంది. రేపట్నించి రావడానికి నా దగ్గర పార్సిల్ లేదు. పార్సిల్ లేకుండా కూడా రావాలని ఉంది. మూడో సంతకం మర్చిపోలేదు, మానేశాను."

"తెలుసు," అంది. "రుజువు?"

కాగితం ఇచ్చాను. ఒక లైటు మళ్లీ వేసి, ఎప్పట్లాగే గట్టిగా చదివింది. "'మా అబ్బాయి అవివాహితుడని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది. ప్రస్తుతానికి.'" చూపు కాగితం అడుక్కి వెళ్లి, అచ్చేసిన వాక్యం దగ్గర ఆగింది. "ఈ కింది లైను... సర్టిఫికెట్‌లో భాగమేనాండీ?"

"ఈసారి భాగమేనండీ."

"వాపసు తీసుకోరన్నమాట."

"తీసుకోరు."

ఈసారి పెన్సిల్ కోసం వెతుక్కోలేదు. జడముడిలోంచి తీసి ఫైలు మీద రాసింది, 'క్వెరీ పరిష్కారమైనది.' కింద మూడు సంతకాలు పెట్టింది, ఒక్కటీ మానకుండా.

"లాభమెంత మిగిలింది?" అంది.

"రెండు కాఫీలు."

"సరిపోయింది," అని ఆఖరి లైటు ఆర్పింది. "పదండి. మీ నాన్నగారి కాఫీ ఇంకో గిటార్ అమ్మాక."